పిట్ట ముందు ఇచ్చిన మాట

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి వైపు సైకిళ్ల మీద వెళ్లే కుర్రవాళ్లు ఈమధ్య బాగానే కనిపిస్తున్నారు. ఆదివారం పొద్దున్నే తలకు టోపీలు, కళ్లకు నల్లద్దాలు పెట్టుకుని బయల్దేరతారు. తాడ్వాయి దాటాక ఎక్కడో ఒకచోట చాయ్‌కి ఆగుతారు. దారి పొడవునా ఉన్న నీలం బోర్డుల పక్కన నిలబడి ఫోటోలు దిగుతారు. ఆ బోర్డుల మీద ఒక పిల్లవాడు ఒక చేత్తో కుంచె పట్టుకుని సైకిల్ తొక్కుతుంటాడు. కింద 'చిత్రకారుని బాల్య దారి' అని ఉంటుంది. బాబులూ, ఆ బోర్డుల్లో చాలావాటిని దగ్గరుండి పాతించింది నేనే. మీరు వాటి పక్కన నవ్వుతూ నిలబడితే నాకూ సంతోషమే. కాకపోతే ఆ బొమ్మలో ఒక తప్పుంది. చిత్రకారుడైన ఆ పెద్దాయనకు జన్మలో సైకిల్ తొక్కడం రాలేదు.

నేను రోడ్ల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి దిగిపోయాను. ఇంజనీరు కాగితం మీద గీసిన గీతకూ, గుత్తేదారు నేల మీద పోసిన కంకరకూ మధ్య ఎండలో నిలబడే మనిషే వర్క్ ఇన్‌స్పెక్టర్. రోడ్డు బాగుంటే ఇంజనీరు పేరు, గుంత పడితే మా పేరు. ఈ జిల్లాలో నేను నిలబడని రోడ్డు లేదు. అయినా ఇప్పుడు ఎవరైనా నీ ఉద్యోగం సంగతి చెప్పమంటే నాకు తారు వేసిన రోడ్లేవీ గుర్తుకు రావు. వేయని బాట ఒకటి గుర్తుకొస్తుంది.

ఆ పెద్దాయన పేరు మీకు తెలిసిందే, నేను చెప్పను. దేశదేశాల్లో ఆయన బొమ్మలు గోడలకెక్కాయి. పుట్టింది మాత్రం లింగంపేట దాటాక లోపలికి తిరిగే ఒక చిన్న ఊళ్లో. ఆయన చిన్నతనంలో తిరిగిన చోట్లన్నీ కలుపుతూ సైకిల్ దారి ఒకటి తీస్తే పట్నం జనం వస్తారని పైన ఎవరికో తోచింది. తోచిన మాట కిందికి దిగి దిగి మా ఆఫీసుకు చేరింది. అప్పుడే కొత్తగా వచ్చిన ఇంజనీరు గారికి ఆ పని అప్పజెప్పారు. కుర్రవాడు, మంచివాడు, తనే సైకిల్ తొక్కేవాడు కనుక ఉత్సాహంగా ఉండేవాడు. జీపు డ్రైవర్ మద్నూర్ మనిషి. మరాఠీ, ఉర్దూ, తెలుగు మూడూ ఒకే వాక్యంలో మాట్లాడతాడు. మేమంతా భాయ్ అనేవాళ్లం. సైకిల్ దారి వెతకడానికి జీపులో తిరుగుతున్నామని ఆ మొదటి రోజు నుంచే ఎకసెక్కాలాడేవాడు.

చోట్లు చూపించడానికి పెద్దాయన హైదరాబాద్ నుంచి ఒకసారి వచ్చారు. బాగా ముసలివారు, చేతికర్ర ఉంది, కానీ కళ్లు మాత్రం ఒకచోట నిలవవు. ఇంజనీరు గారు ముందే బడి, చెరువుకట్ట, పాత చావడి అన్నీ గుర్తు పెట్టుకున్నారు. బడి దగ్గర జీపు ఆపితే పెద్దాయన దిగలేదు. అక్కడ తను చదువుకున్నది తక్కువ, తన్నులు తిన్నది ఎక్కువ అన్నారు. చెరువుకట్ట దగ్గరా అంతే. చావడి దగ్గర కొంచెం నవ్వారు. ఇంజనీరు గారి ముఖం చిన్నబోవడం చూసి ఆయన నా భుజం మీద చెయ్యేశారు.

"తమ్మీ, నేను తిరిగిన తొవ్వ వేరే ఉన్నది. జీపు వోదు, నడువుండ్రి."

ఊరి వెనక నుంచి పొలాల మధ్యగా ఒక బండ్ల బాట పోతుంది. మధ్యలో వాగు దాటి అవతలి పెద్ద ఊళ్లో తేలుతుంది. ఒకప్పుడు ఆ ఊళ్లో బీడీల కార్ఖానా ఉండేది. చుట్టుపక్కల ఆడవాళ్లంతా ఇళ్లలో బీడీలు చేసి అక్కడ అప్పగించి, మళ్లీ ఆకూ తంబాకూ తెచ్చుకునేవాళ్లు. బండ్లు పోయి ట్రాక్టర్లు వచ్చాక ఆ బాటను ఇటు మక్క చేనువాళ్లు కొంత, అటు వరి మడివాళ్లు కొంత కలిపేసుకున్నారు. మిగిలింది ఇద్దరు పక్కపక్కన నడవగలిగేంత. పెద్దాయన దాని మీద కర్ర ఊపుకుంటూ పిల్లవాడిలా ముందుకు పోయారు. వాగు ఒడ్డుకు వెళ్లాక ఒక బండరాయి మీద కూర్చున్నారు.

"మా అమ్మ చిన్నప్పుడే వాయె. అక్కనే బీడీలు జేసి మమ్ముల సాకింది. నాయినదొక సైకిలుండె. అక్కకు సీటు మీద కూసుంటె కాళ్లు అందకపోతుండె, కడ్డీ సందులకెల్లి కాలు వెట్టి కైంచీ తొక్కుకుంట కార్ఖానకు వోతుండె. నేను ఎనుక క్యారియర్ మీద ఉల్టా కూసుంటుంటి. దుబ్బల టైరు గీత వడుకుంట వస్తుండె. అది జూసుకుంట వోయెటోన్ని. గీత అంటె ఏందో నాకు ఆడ్నె తెల్సింది తమ్మీ. తర్వాత కాలేజిల నాకెవ్వలు కొత్తగ నేర్పింది లేదు."

ఆయన బొమ్మలు నేను కేలండర్ల మీదే చూశాను. ఏ బొమ్మ చూసినా అడుగున ఒక సన్నటి గీత మొదలై, వంకరలు తిరుగుతూ వెనక్కి, దూరంగా పోయి మాయమవుతుంది. చదువుకున్నవాళ్లు దాని గురించి పెద్ద పెద్ద వ్యాసాలు రాశారని ఇంజనీరు గారు అంతకు ముందు చెప్పారు. అది ఒక ఆడపిల్ల తొక్కిన సైకిల్ టైరు గీత అని ఆ వాగు ఒడ్డున మా ముగ్గురికీ తెలిసింది. భాయ్ ఆ రోజు ఎకసెక్కం ఆడలేదు.

తిరిగి వచ్చేటప్పుడు అక్క ఇంటికి తీసుకెళ్లారు. ఆమె ఆయనకన్నా పెద్దది. పెన్షన్ వస్తున్నా, కూతురు వద్దంటున్నా, అలవాటు మానలేక ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతూనే ఉంది. తమ్ముడు వచ్చి అరుగు మీద కూర్చుంటే చాట పక్కన పెట్టలేదు. ఊళ్లోనే ఉండే తమ్ముడు పొలం నుంచి వచ్చినట్టే చూసి, కూతుర్ని చాయ్ పెట్టమంది. ఆయన ఆమె చేతుల వైపు, ఆమె ఆయన చెప్పులకంటిన దుబ్బ వైపు చూసుకున్నారు. ఆ దుబ్బ చూసి ఎక్కడి నుంచి వస్తున్నామో ఆమెకు అర్థమైంది.

"గా బండ్ల బాట మీదికెల్లి పోతదా సారూ, మీ సైకిల్ తొవ్వ?" అని అడిగింది.

"పరిశీలిస్తామవ్వా" అన్నారు ఇంజనీరు గారు.

ఆమె నా వైపు తిరిగింది. "అంటె పోతదన్నట్టా, పోదన్నట్టా?"

'పరిశీలిస్తాం' అన్న ఆ మాట మధ్యనే నా ఉద్యోగమంతా గడిచింది. దానికి అర్థం నాకన్నా బాగా తెలిసినవాడు ఆ జిల్లాలో లేడు. అయినా నేను చాయ్ ఊదుకుంటూ కూర్చున్నాను. పెద్దాయనే నవ్వి, సర్కారువాళ్లు అట్లాగే అంటారులే అక్కా, కానీ పోతుంది, నేను చెప్తున్నాను గదా అన్నారు. ఆమె తల ఊపి మళ్లీ బీడీ చుట్టుకుంది.

ఆ వానకాలం దాటకముందే పెద్దాయన పోయారు. హైదరాబాద్‌లోనే దహనం చేశారు. అంతా అక్కడే కానివ్వడానికి అక్క ఒప్పుకోకపోవడంతో పిట్టకు పెట్టేది మాత్రం ఊళ్లో పెట్టుకున్నారు. మీలో పట్నంలో పెరిగినవాళ్లకు తెలియకపోవచ్చు. మా దగ్గర మనిషి పోయిన మూడో నాడు ఆ మనిషికి ఇష్టమైనవన్నీ వండి, విస్తరిలో పెట్టి, దూరంగా నిలబడతారు. కాకి వచ్చి ముట్టుకుంటే పోయినవాళ్ల మనసు తృప్తి పడినట్టు. రాకపోతే ఏదో కోరిక మిగిలిపోయినట్టు. అప్పుడు అయినవాళ్లు ఒక్కొక్కరే ముందుకొచ్చి, నీ ఫలానా పని మేం చేస్తాం అని మాట ఇస్తారు. నేను మా ఇంట్లో చాలాసార్లు చూశాను. నమ్ముతావా అంటే, నమ్మనని చెప్పే ధైర్యం నాకు లేదు.

ఆఫీసు తరఫున పూలదండ తీసుకుని ఇంజనీరు గారూ నేనూ వెళ్లాం. వాగు ఒడ్డున ఆయన కూర్చున్న బండరాయి దగ్గరే మోదుగాకు విస్తరి వేశారు. అన్నం, కోడికూర, కల్లు పెట్టారు. అక్క తన చేత్తో చుట్టిన బీడీ ఒకటి అంటించి అంచున పెట్టింది. అందరం వెనక్కి వచ్చి నిలబడ్డాం.

కాకులు తుమ్మచెట్టు మీద ఉన్నాయి, దిగలేదు. పెద్దాయన కొడుకు ముందుకు వెళ్లి, బొమ్మలన్నీ జాగ్రత్త చేస్తామని చేతులు జోడించి చెప్పాడు. కోడలు ఏదో చెప్పింది. ఊరిపెద్ద బడికి ఆయన పేరు పెట్టిస్తామన్నాడు. కాకులు కదల్లేదు. ఎండ ముదిరింది, బీడీ సగం దాకా కాలి ఆరిపోయింది. జనం గుసగుసలాడుతున్నారు. అప్పటిదాకా కంట తడి పెట్టని అక్క మా ఇద్దరి దగ్గరికి వచ్చింది.

"వాని పానం ఈ తొవ్వ మీదనే ఉన్నది సారూ. మీరు జెప్పుండ్రి."

ఇంజనీరు గారు చెప్పులు విడిచి ముందుకు వెళ్లారు. పాపం, ఆయనకు ఆ ఆచారం కొత్త. ఊరంతా చూస్తోంది. గొంతు సవరించుకుని, "సార్, ఈ బాట విషయం తప్పకుండా పరిశీలిస్తాం" అన్నారు. వెనకాల ఎవరో నవ్వు ఆపుకున్నారు. ఒక కాకి చెట్టు మీద నుంచి లేచి అవతలి చెట్టు మీద వాలింది. ఆమె నా వైపు చూసింది.

నాకు అధికారం లేదు. నేను ఒక గుంతను కూడా నా అంతట నేను పూడ్చించలేను. అవన్నీ తెలిసి కూడా ఆ చూపుకు ఆగలేక ముందుకు నడిచాను. ఆఫీసు అలవాటు పోక, పోయిన మనిషిని కూడా సార్ అనే పిలిచాను.

"సార్, సైకిల్ తొవ్వ మీ బాట మీదికెల్లే పోతది. నేను జూస్త."

నేను వెనక్కి తిరిగి నాలుగడుగులు వేశానో లేదో జనంలో కదలిక వచ్చింది. కాకి దిగింది. ముందు అన్నం, తర్వాత కూర ముట్టింది. దాని వెనక ఇంకో రెండు దిగాయి. అక్క అక్కడే దుబ్బలో కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తమ్ముడు పోయిన తర్వాత ఆమె ఏడవడం అదే మొదలని కూతురు చెప్పింది. ఇంజనీరు గారు చెప్పులు తొడుక్కుంటూ నా వైపు చూడలేదు. జీపు దగ్గరే ఆగిపోయినా జనం నోట సంగతి విన్న భాయ్ తలుపు తీస్తూ, "జబాన్ ఇచ్చిండ్రు సాబ్. పోయిన సాబ్ రిటైర్ గాడు, ట్రాన్స్‌ఫర్ గాడు, యాదుంచుకోండ్రి" అన్నాడు.

ఆ తర్వాత నేను చేయగలిగింది చేశాను. సెలవు రోజుల్లో భాయ్‌ని వెంటబెట్టుకుని టేపు పట్టి బాటంతా కొలిచాను. అసలు పని అక్క చేసింది. ఆ వయసులో కర్ర పట్టుకుని ప్రతి రైతు ఇంటికీ వెళ్లి కూర్చుంది. మా తమ్మునికి మాటిచ్చిండ్రు, జరంత జరుగుండ్రి అని అడిగింది. ఆమె అడిగితే కాదన్నవాళ్లు లేరు. మక్క చేనువాళ్లు కంచె లోపలికి జరుపుకున్నారు. ఒకాయన వేసిన నారు తీసి మరీ ఒడ్డు వెనక్కి పెట్టుకున్నాడు. ఊళ్లో భూమి కోసం అన్నదమ్ములు మాటలు మానుకునే రోజుల్లో ఇది మామూలు సంగతి కాదు. బాట మళ్లీ బండి పట్టేంత అయింది. ఆమె సాయంత్రాలు దాని మీద వాగు దాకా నడిచి వచ్చేదట.

ఇక వాగు మీద చిన్న కల్వర్టు కావాలి, అంతే. ఇంజనీరు గారు మనసు పెట్టి అంచనా తయారు చేశారు, నేను పక్కనే కూర్చున్నాను. పైకి పంపితే వెనక్కి వచ్చింది. సైకిళ్లకు కల్వర్టా అని అడిగారు. మళ్లీ పంపాం. తారు రోడ్డు ఉండగా పొలాల్లోకి ఎందుకు, దాన్ని రెండో దశలో చూద్దాం అన్నారు. మూడోసారి నేనే కామారెడ్డిలో పెద్దసారు గది ముందు పొద్దుటి నుంచి నిలబడ్డాను. ఆయన విన్నారు, కూర్చోమన్నారు, చాయ్ కూడా ఇప్పించారు. వచ్చేటప్పుడు పరిశీలిస్తామన్నారు.

దారి ప్రారంభం మాత్రం ఆగలేదు. తారు రోడ్డు మీదే ముగ్గు వేసి, రిబ్బన్ కట్టి, పట్నం నుంచి సైకిళ్లవాళ్లను పిలిచి జరిపించారు. అక్కను ముందు వరుసలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి శాలువా కప్పారు. బోర్డు మీద గుడ్డ లాగగానే అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె చెయ్యి అడ్డం పెట్టుకుని ఆ బొమ్మను చాలాసేపు చూసింది. తర్వాత నన్ను దగ్గరికి పిలిచింది.

"మా తమ్మునికి సైకిల్ రాదు గద సారూ. తొక్కింది నేను."

ఆమె కోపంగా అనలేదు. మైకు మోతలో నాకు తప్ప ఎవరికీ వినపడలేదు కూడా. నేను వెళ్లి ఇంజనీరు గారి చెవిలో చెప్పాను. ఆ వాగు ఒడ్డున మాతో పాటు ఆయనా విన్నారు, బొమ్మ మాత్రం హైదరాబాద్‌లో ఎవరో వేసి పంపారు, పనుల తొందరలో ఎవరం ఆలోచించలేదు. ఆయన ముఖం పాలిపోయింది. మార్పిస్తానన్నారు, నిజంగానే మార్పించేవారు. ఈలోగా బదిలీ అయింది. వెళ్లే రోజు నా చెయ్యి పట్టుకుని, మీ మాటకు నేను ఉపయోగపడలేకపోయానండీ అన్నారు. ఆయన మీద నాకు ఇప్పటికీ కోపం లేదు.

ఆ తర్వాత ఎల్లారెడ్డి వైపు పని పడ్డప్పుడల్లా ఆమె ఇంటి ముందు ఆగేవాణ్ణి. చాట మీద నుంచి తలెత్తకుండా, ఎప్పుడైతది సారూ అనేది. వానలు పోనీ అవ్వా అనేవాణ్ణి. ఎన్నికలు పోనీ అనేవాణ్ణి. కొత్త ఇంజనీరు రానీ అనేవాణ్ణి. ఆమె నా మాట నమ్మేది. ఎందుకంటే నేను ఆ మాట ఆమెకు ఇవ్వలేదు, ఆమె తమ్ముడికి ఇచ్చాను.

ఒక ఏడాది వానలు విపరీతంగా పడ్డాయి. మా రోడ్లే చాలాచోట్ల తెగిపోయాయి, ఆ బాటను పట్టించుకునేదెవరు? వాగు ఒడ్డును కోసేసి, ఆ బండరాయిని కూడా దొర్లించుకుపోయింది. నారు తీసి వెనక్కి జరిగిన రైతుకు ఉన్న మడిలో సగం ఇసుక మేట వేసింది. పోయిన నేలకు బదులు ఆయన బాటను మళ్లీ దున్ని కలిపేసుకున్నాడు. తప్పని ఎవరంటారు? ఆయన చూసి మిగతావాళ్లూ కంచెలు ముందుకు జరుపుకున్నారు. అప్పటికి నా రిటైర్మెంట్ దగ్గర పడింది. శాలువా, గడియారం ఇచ్చి పంపించారు. మాట్లాడినవాళ్లంతా, చెప్పిన పని చేసే మనిషి అని నన్ను పొగిడారు. భాయ్ ఒక్కడే తల వంచుకుని కూర్చున్నాడు.

రిటైరయ్యాక ఒకసారి బస్సెక్కి ఆమెను చూడటానికి వెళ్లాను. ఏం చెప్పాలా అని భయపడుతూ వెళ్లాను. ఆమె బాట ఊసే ఎత్తలేదు. మోకాళ్ల నొప్పులు ఎట్లున్నాయి, పిల్లలు ఏం చేస్తున్నారు, పెన్షన్ సరిగ్గా పడుతోందా అని అడిగింది. సొరకాయ ఒకటి చేతిలో పెట్టి పంపింది. నిజం చెప్తున్నాను, ఆమె అడగనందుకు నా ప్రాణానికి హాయిగా అనిపించింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని చాలా రోజుల తర్వాత కునుకు తీశాను.

పోయిన చలికాలం ఆమె చనిపోయింది. కూతురు ఫోన్ చేసి, మూడో నాటికి రమ్మంది. బస్సులో దారి పొడవునా ఏం చెప్పాలో కూడబలుక్కుంటూ వెళ్లాను. ఈసారి కూడా కాకి దిగదని నాకు గట్టి నమ్మకం. ఊరంతా నా వైపే చూస్తుందని తెలుసు. ఇంకో మాట ఇవ్వడానికి నాకు ముఖం లేదు. నా చేతకాలేదు, క్షమించు అవ్వా అని అక్కాతమ్ముళ్లిద్దరికీ కలిపి చెప్పుకుందామనుకున్నాను.

వాగు ఒడ్డు కోసుకుపోయింది కనుక ఇటువైపు గట్టు మీదే విస్తరి వేశారు. అన్నం, చేపల పులుసు, కల్లు పెట్టారు. కూతురు బీడీ అంటించి అంచున పెట్టింది. అందరం వెనక్కి తిరిగాం. నేను చెప్పులు విడుద్దామని వంగాను.

వంగినవాణ్ణి లేవకముందే రెక్కల చప్పుడు వినపడింది. కాకి వచ్చి అన్నం ముట్టేసింది. వెనకాలే ఇంకొకటి, ఇంకొకటి. ఎవరూ ముందుకు వెళ్లలేదు, ఎవరూ ఏ మాటా ఇవ్వలేదు. జనం చేతులు జోడించారు. ఇంత తొందరగా ముట్టడం ఎక్కడా చూడలేదని, అదృష్టవంతురాలని అనుకున్నారు. కూతురు కళ్లు తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చింది.

"జూసినవా సారూ, ఎంత జెల్ది ముట్టిందో. మా అవ్వకు ఇగ ఏ ఆశ లేకుండె."

అవునమ్మా అన్నాను. చెప్పులు మళ్లీ తొడుక్కుని, అందరితో పాటు భోజనానికి వెళ్లాను.